మీకు తెలుసా? వేళకాని వేళ వచ్చినా విస్తరి వేసిన ఇల్లు

ఏపీ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజన పథకం డొక్కా సీతమ్మగారి పేరు మీద నడుస్తోంది. ఎవరీవిడ?

1841లో పుట్టారు. అడిగినవాళ్లకల్లా అన్నం పెడతాడని ఆవిడ తండ్రి భవానీశంకరంగారిని ఊళ్లో అందరూ ‘బువ్వన్న’ అనేవారట. ఆ బువ్వన్న కూతురు కోనసీమలోని లంకల గన్నవరానికి, డొక్కా జోగన్నగారి ఇల్లాలిగా వచ్చారు. చుట్టూ గోదావరి పాయలు. వంతెనలు అంతగా లేని రోజులు. పడవ దిగేసరికి ఏ వేళవుతుందో తెలీదు, పూటకూళ్ల ఇల్లు దొరకదు. అలాంటి దారిలో అర్ధరాత్రి తలుపు తట్టినా ఆ ఇంట్లో పొయ్యి రాజేసేవారు. కులం అడిగేవారు కాదు. ఆ కాలంలో అది చిన్న విషయమేమీ కాదు!

బ్రిటిష్ చక్రవర్తి ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవానికి ఆహ్వానం వస్తే, అన్నదానం ఆగిపోతుందని ఆవిడ వెళ్లలేదని చెబుతారు. 1909లో కన్నుమూశారు.

పి.గన్నవరం వైపు వెళ్తే గోదావరి పాయ వైనతేయ మీది కొత్త అక్విడక్టు (కాలువను నది దాటించే వంతెన) దగ్గర ఒక్క క్షణం ఆగండి. దానికి పెట్టింది ఆవిడ పేరే.