చాపకూటి సీమలో బాలభటులు

పలనాడు అనగానే మన మనస్సునకు మొట్టమొదట తోచునది యుద్ధము. గురజాల, మాచర్ల అను రెండు రాజధానుల నడుమ, నలగామరాజునకును మలిదేవాదులకును 12వ శతాబ్దమున పుట్టిన దాయాదుల వైరము కోడిపందెముతో ముదిరినది, వనవాసముతో పెరిగినది, తుదకు కారెంపూడి చెంత నాగులేటి యొడ్డున నెత్తుటితో ముగిసినది. ఏటేటా కార్తిక మాసము ముగియు వేళ కారెంపూడిలో ఐదు దినములు వీరారాధనోత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లు గల ఆ ఐదు దినములలో కథయంతయు జనుల కన్నులయెదుట మరల నడచును.

మన పిల్లలు దీనిని వీరగాథగా చదువుదురు. ఉపాధ్యాయుడు దీనిని మరియొక విధమున గూడ చదువవలసియున్నది. ఇది పెద్దలు పెంచిన తగవునకు పిన్నలు ప్రాణము లర్పించిన కథ. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు బొంగరము లాడుకొనుచుండగా, ఆ బొంగరము తగిలి గాయపడిన ఒక స్త్రీ ఆడిన ఎత్తిపొడుపు మాటవలననే యుద్ధపు సంగతి అతనికి తెలిసినదని కథకులు చెప్పుదురు. పెద్దలు దాచిరి; బాలుడు పౌరుషము పట్టలేక పరుగెత్తెను. అతని వెంట నడచిన చెలికాండ్రలో బ్రాహ్మణుడైన అనపోతరాజు మొదలుకొని వేర్వేరు కులవృత్తుల యువకు లుండిరి. కులభేదము పాటింపక ఒకే పంక్తిని కూర్చుండి భుజించు చాపకూటిని బ్రహ్మనాయుడు నెలకొల్పెనని, మాలవాడైన కన్నమదాసును సేనానిగ నిలిపెనని పలనాటి సీమ నేటికిని గర్వముతో చెప్పుకొనును. ఆ పిల్లలలో సాహసమునకు కొదువ లేదు, స్నేహమునకు కొదువ లేదు. ఆ రెంటిని బ్రతుకువైపు నడపగల పెద్దరికమే కొదువయైనది.

ఈ కొదువ గతించిన కాలమునకు మాత్రమే చెందినది కాదు. 2024 మే నెలలో ఎన్నికల సందర్భమున నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతములలో చెలరేగిన ఘర్షణలను దేశమంతయు చూచినది. అట్టి దినములలో వీధి మలుపున నిలిచి చూచుచున్న పదునాలుగేండ్ల బాలుడు ఎవరిని నాయకుడని నేర్చుకొనుచున్నాడు? ఈ ప్రశ్నకు బడి ఈయగల సమాధానములలో ఒకటి స్కౌటింగు, అనగా బాలభటోద్యమము.

చిత్రమేమనగా ఈ ఉద్యమము కూడ యుద్ధమునుండియే పుట్టినది. 1899-1900 సంవత్సరములలో దక్షిణాఫ్రికాయందలి మాఫెకింగు పట్టణము ముట్టడిలో చిక్కియుండగా, అచ్చటి బాలురు వార్తలు మోయుట మొదలగు పనులు నమ్మకముగ నెరవేర్చిరి. బాధ్యత నప్పగించినచో బాలుడు దానికి తగినంతగా ఎదుగునని సేనాపతి బేడెన్ పవెల్ గ్రహించెను. ఆయన 1907 ఆగష్టులో ఇంగ్లండునందలి బ్రౌన్‌సీ ద్వీపమున సుమారు ఇరువదిమంది బాలుర చిన్న బృందముతో శిబిరము నడపెను. అందు సంపన్నుల బడులలో చదువు బాలురును ఉండిరి. శ్రామికుల బిడ్డలును ఉండిరి. వారిని నాలుగు గణములుగా విభజించి, ఒక్కొక్క గణమునకు ఒక బాలునే నాయకుని చేసెను. కలసి వండుకొనుట, కలసి తినుట, కలసి నిదురించుట: ఇంగ్లీషువారి చాపకూడు అని దీనిని పిలిచిన తప్పులేదు.

మన దేశమునకు వచ్చునప్పటికి ఆ చాప కురుచయైనది. 1909లో బెంగుళూరున ప్రారంభమైన తొలి దళము ఐరోపీయుల, ఆంగ్లో ఇండియనుల పిల్లలకే పరిమితము. భారతీయ బాలురకు ప్రవేశము లేకుండెను. ఆ అవమానమునకు ప్రత్యుత్తరముగా 1916లో మద్రాసున అనిబిసెంటు, అరండేలు భారతీయ బాలుర కొరకు ప్రత్యేక సంఘమును స్థాపించిరి. కొలది కాలమునకే అలహాబాదులో మదనమోహన మాలవీయ, హృదయనాథ కుంజ్రూ, శ్రీరామ బాజపాయి సేవాసమితి స్కౌటు సంఘమును నిర్మించిరి. 1921లో బేడెన్ పవెల్ మన దేశమునకు వచ్చినప్పుడు బిసెంటు సంఘము మాతృసంస్థలో కలిసినది. 1937లో భారతీయుల శీలమునుగూర్చి ఆయన ఆడిన మాటలు దేశాభిమానులను నొప్పించుటచే, మరుసటి సంవత్సరమున హిందుస్థాన్ స్కౌటు సంఘము వెలసినది. స్వాతంత్ర్యానంతరము మౌలానా ఆజాదు మొదలగు పెద్దల కృషివలన ఈ పాయలన్నియు కలిసి 1950 నవంబరు 7వ తేదీన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడినది. 1951 ఆగష్టు 15న బాలికల గైడు సంఘము కూడ అందు చేరినది. ఆ సంస్థ మొదటి జాతీయ జంబోరీ 1953లో జరిగినది మన హైదరాబాదులోనే.

1921వ సంవత్సరము గుంటూరు మండలమునకు వేరొక విధమున స్మరణీయము. చీరాల-పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు క్రమశిక్షణకు పేరు పొందినది ఆ యేటనే. పలనాటి రైతులు అడవిలో పశువులు మేపుకొనుటకు పుల్లరి చెల్లించమని ఎదిరించినదియు ఆనాడే. ఆ పోరాటమున 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు మించాలపాడులో పోలీసు తుపాకులకు బలియయ్యెను. రామదండు బాలభటదళము కాదు, పుల్లరి పోరాటము శిబిరక్రీడ కాదు. అయినను స్వచ్ఛందముగ ఒక నియమమునకు కట్టుబడి పదుగురి మేలు కొరకు నిలుచుట తెలుగువారికి పరాయిదేశపు విద్య కాదనుటకు ఇవి సాక్ష్యములు.

ఇక ఉద్యమపు ఆచారములు చూతము. ఎడమచేతితో కరచాలనము, మెడలో స్కార్ఫు, మూడు వ్రేళ్ళ వందనము, దినమున కొక్క సత్కార్యము: ఇవి పైకి కనిపించునవి. లోపల నుండునది ప్రతిజ్ఞ. దైవమునకు, దేశమునకు తన విధి నెరవేర్తునని, ఇతరులకు సాయపడుదునని, స్కౌటు నియమమును పాటింతునని బాలుడు తన గౌరవము సాక్షిగా పలుకును. మన దేశమున 'దైవము' అను మాటకు బదులుగా 'ధర్మము' అని పలుకుటకు అనుమతి కలదు. నియమము తొమ్మిది భాగములు. నమ్మదగినవాడగుట, అందరికి మిత్రుడగుట, మర్యాద, ప్రకృతిప్రేమ, ప్రజల ఆస్తిని కాపాడుట, ధైర్యము, మితవ్యయము మున్నగునవి అందు చేరినవి. ఇందులో ఒక్కటియు వ్రాతపరీక్షకు లొంగునది కాదు. ఈ ఉద్యమపు బలమును, బలహీనతయు అచ్చటనే యున్నవి.

పురోగతికి మెట్లు గలవు. ప్రవేశ్ అను తొలి గడప దాటిన పిదప ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్; ఆపైన రాజ్య పురస్కార్, శిఖరమున రాష్ట్రపతి పురస్కార్. మెట్టుకును మెట్టుకును నడుమ నెలల తరబడి వ్యవధి విధించియున్నారు. ముడులు, ప్రథమ చికిత్స, దిక్సూచి, పటము చదువుట, ఆరుబయట వంట, కాలినడక యాత్ర, శిబిర జీవితము, సమాజసేవ క్రమముగ నేర్వవలెను. ఈ నియమము లెందుకని బాలుడడిగిన ఉపాధ్యాయుడు సమాధానము చెప్పగలిగి యుండవలెను. నూతిలో పడినవాని నడుమునకు కట్టు ముడి బిగుసుకొనిపోక, ఊడిపోక నిలువవలెను. దానిని పట్టపగలు బల్లమీద ఒక్కసారి కట్టి చూపినవానికిని, చీకటిలో తడిసిన త్రాటితో కట్టగలవానికిని భేదమున్నది. ఆ భేదమును తీర్చునది అభ్యాసము. అభ్యాసమునకు కావలసినది కాలము. వ్యవధి విధించుట అందుకొరకే.

ఇచ్చట రెండు అపచారములు పొంచియున్నవి. మొదటిది మెట్లను తగ్గించుట. రైల్వే ఉద్యోగ నియామకములలో స్కౌట్లకు, గైడ్లకు ప్రత్యేకముగ కోటా కలదు. పత్రమునకు విలువ పెరిగినకొలది, పనికి బదులుగా పత్రమునే కోరువారును పెరుగుదురు. చేయని యాత్రకు చేసినట్లు సంతకము పెట్టిన పెద్దమనిషి బాలునకు ఉపకారము చేసితినని తలచును. వాస్తవమునకు ఆ బాలునిచేత నమ్మకమను మొదటి నియమమునే భంగపరచి, పై నియమములను వల్లింపజేయుచున్నాడు. రెండవ అపచారము మెట్లను పెంచుట. పుస్తకమున లేని షరతులు తన యిచ్చవచ్చినట్లు చేర్చి, తన కిష్టులు కానివారిని ఆపివేయుట అధికారమదము. ఈ రెంటిని గుర్తెరిగియే అమెరికా స్కౌటు సంస్థ విధించిన అంశమునకు ఏ నాయకుడును కలుపరాదు, తీసివేయరాదు అని శాసించినది. బేడెన్ పవెల్ అభిప్రాయము ఇంకను లోతైనది. బిళ్ళ నిచ్చునప్పుడు పని ఎంత నునుపుగ వచ్చినదని మాత్రమే కాక, బాలుడెంత ప్రయాసపడెనని చూడవలెనని ఆయన మతము. చురుకైనవాడు ఒక్క పూటలో నేర్చినదానిని మందబుద్ధి నెలరోజులు శ్రమించి నేర్చినచో, ఆ శ్రమయే స్కౌటింగు.

మరి పెద్దల పని యేమి? పిల్లల పనిని తాము చేయకుండుట. వినుటకు సులభము, చేయుటకు కష్టము. ఆరుగురో ఎనమండుగురో గల గణము, దానికొక బాలనాయకుడు, ఆ నాయకులందరు కూర్చుండి తమ దళవ్యవహారములు తేల్చుకొను గౌరవసభ: ఈ పద్ధతిని వివరించి 1914లో గ్రంథము వ్రాసిన రోలండ్ ఫిలిప్స్ 1916లో ప్రథమ ప్రపంచయుద్ధమున మరణించెను. గణపద్ధతి లేనిచోట టోపీలు, ఈలలు ఉన్నను స్కౌటింగు లేదు. పెద్దవాడు కేకలు వేయుచుండగా అరువదిమంది వరుసలో నిలుచుట కవాతు మాత్రమే. అన్నము మాడినను గణమే వండవలెను. గుడారము ఒరిగినను గణమే మరల నిలుపవలెను. ప్రాణాపాయమున్నచోట తప్ప పెద్దవాడు చేయి వేయరాదు.

ఇది స్వభావముచేత వచ్చు విద్య కాదు. కాబట్టియే 1919 సెప్టెంబరులో లండను చెంత గిల్వెల్ పార్కున స్కౌటు మాస్టర్లకు శిక్షణ ప్రారంభించిరి. శిక్షణ ముగించినవారికి తోలుత్రాట గ్రుచ్చిన రెండు కొయ్యపూసలు ఇత్తురు. మన దేశమున దానికి హిమాలయ వుడ్ బ్యాడ్జి అని పేరు. జాతీయ శిక్షణకేంద్రము మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో కలదు. బంగారు పతకము గాక కొయ్యపూస ఇచ్చుటలో అర్థమున్నది. నాయకుడు మెరయుటకు రాలేదు.

పెద్దలను గూర్చి మరియొక మాట ఇష్టము లేకున్నను చెప్పక తప్పదు. పిల్లలు నమ్మి వచ్చుచోటికి ఆ నమ్మకమును దుర్వినియోగము చేయువారును వచ్చెదరు. బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా 2020 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరినది. బాల్యమున తమపై లైంగిక అత్యాచారము జరిగినదని 82,000 మందికి పైగా ఫిర్యాదులు దాఖలు చేసిరి. పరిహారనిధి సుమారు 246 కోట్ల డాలర్లకు చేరినది. దశాబ్దములు దాచిన నిజమునకు అది మూల్యము. అందుచేత ఏ పెద్దవాడును ఒక్కడే ఒక బాలునితో ఏకాంతమున నుండరాదు, శిబిరమున కనీస మిద్దరు పెద్ద లుండవలెను, బాలికల వెంట స్త్రీలు తప్పక యుండవలెను, పిల్ల చెప్పిన ఫిర్యాదును సంస్థ పరువుకొరకు అణచరాదు. ఈ నియమములు ఉపాధ్యాయుని అనుమానించుటకు కావు. బిడ్డను, మంచి ఉపాధ్యాయుని కూడ కాపాడుటకు.

ఇన్ని చెప్పినపిదప పలనాటికి మరలుదము. ఈ సీమలో బాలభటుని కొరకు ప్రకృతియే పాఠశాల నిర్మించినది. చంద్రవంక దుముకు ఎత్తిపోతల, నాగార్జునసాగరము, అనుపు శిథిలములు యాత్రకు చాలును. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతట ప్రసిద్ధములు. అచ్చట వేసవిలో చలివేంద్రము నడపిన గణమునకు సేవ అనగానేమో వేరుగ బోధింప నక్కర లేదు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల నడుమ తప్పిపోయిన బిడ్డను తల్లి చెంతకు చేర్చుటకంటె మంచి పరీక్ష యే శిబిరమున దొరకును?

అయితే అన్నిటికంటె ముఖ్యమైనది గణమును కూర్చుట. ఒకే వీధివారిని, ఒకే కులమువారిని, ఒకే పక్షపు ఇండ్లవారిని ఒక గణమున చేర్చుట సులభము. పిల్లలును అదియే కోరుదురు. ఉపాధ్యాయుడు అచ్చట మాత్రము మెత్తబడరాదు. ఊరిలో మాటలు లేని రెండిండ్ల పిల్లలు ఒకే పొయ్యి ఊది, ఒకే గిన్నెలోని అన్నము పంచుకొని, ఒకరి గాయమునకు ఒకరు కట్టు కట్టిననాడు, వారు రేపు ఒకరిపై ఒకరు రాయి విసరుటకు ముందు ఒక క్షణము ఆగుదురు. పెద్దల తగవును పిల్లల సాహసముతో తీర్చుకొనరాదను పాఠమును కారెంపూడి వీరులు తమ ప్రాణములతో వ్రాసిపోయిరి. ఆ పాఠమును పిల్లలకు చేర్చవలసినవారు ఉపాధ్యాయులు.

రాష్ట్రపతి పురస్కారము అందుకొనువారు ఎప్పుడును కొలదిమందియే. తక్కినవారు ఏదో ఒక మెట్టున ఆగిపోవుదురు. అందులో నష్టము లేదు. ఎక్కిన మెట్టు తన కాళ్ళతో ఎక్కినదైన చాలును. ఆ మెట్టును గట్టిగ నిలిపి పట్టుకొనుట వరకే పెద్దల వంతు.