పైన 150, లోపల 74

మాదాపూర్‌లో శుక్రవారం రాత్రి బార్బెక్యూ తినాలంటే ఎంతో దూరం వెళ్లక్కర్లేదు. టేబుల్ మధ్యలో నిప్పులు పెట్టి, చువ్వలకు గుచ్చిన ముక్కలు వరసగా వడ్డించే హోటళ్లు చుట్టుపక్కలే ఉన్నాయి. 2006లో ముంబయిలో తొలి హోటల్ తెరిచిన బార్బెక్యూ నేషన్ ఈ పద్ధతిని దేశమంతా పరిచయం చేసింది. 2013లో హైదరాబాద్‌లోనే పుట్టిన అబ్సల్యూట్ బార్బెక్యూస్ మన ఊరికి దగ్గర చేసింది. అయితే అయ్యప్ప సొసైటీలో మూడో అంతస్తులో, రెండు బర్నర్ల పొయ్యి మాత్రమే ఉన్న వంటింట్లో అలాంటి చికెన్ వస్తుందా? వస్తుంది. గ్రిల్లు, బొగ్గులు, పెరటి స్థలం లేకపోయినా ఫరవాలేదు. రెండు అంకెలు మాత్రం పట్టుకోవాలి: ముక్క పైభాగం 150 డిగ్రీలు దాటాలి, లోపలి భాగం 74 దగ్గర ఆగాలి.

ముందు పైభాగం సంగతి. కాల్చిన మాంసానికి ఆ గోధుమరంగు, ఆ కమ్మని వాసన 140 డిగ్రీల పైనే మొదలవుతాయి. మాంసంలోని ప్రొటీన్లు, చక్కెరలు కలిసి కొత్త రుచులుగా మారేది ఆ వేడిలోనే. ముక్క మీద తడి ఉన్నంతసేపూ మాత్రం అక్కడి వేడి 100 దాటదు. ఎంత మంట పెట్టినా ముందు నీరు ఆవిరి కావాలి. మారేడుమిల్లిలో, అరకులో చేసే బొంగులో చికెన్ దీనికి మంచి ఉదాహరణ. పచ్చి వెదురు బొంగులో మాంసం కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద పెడతారు. బయట మంట ఎంత ఉన్నా లోపల ఆవిరే కాబట్టి చుక్క నూనె లేకుండా ముక్క మెత్తగా, రసంతో ఉడుకుతుంది, మాడదు. అది ఉడికిన రుచి. బార్బెక్యూది కాలిన రుచి, దానికి పొడి ఉపరితలం కావాలి.

అందుకే మసాలాలో వేసే పెరుగును పలుచని గుడ్డలో కట్టి గంటసేపు వేలాడదీసి నీళ్లు పోనివ్వండి. పెనం మీద పెట్టే ముందు ముక్కకు అంటుకున్న అదనపు మసాలాను దులిపేయండి. పెనం వేడెక్కిందో లేదో చూడటానికి నాలుగు నీటి చుక్కలు చల్లండి. చుయ్యిమని అక్కడే ఆరిపోతే ఇంకా చాలదు. గుండ్రటి పూసల్లా అటూ ఇటూ పరుగెడితే దాదాపు 200 డిగ్రీలకు వచ్చినట్టు. ఇనుప పెనం దీనికి అన్నిటికన్నా మంచిది, వేడిని పట్టి ఉంచుతుంది. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా అంత వేడి చేయకూడదు, పూత పాడవుతుంది. తేనె, బెల్లం, సీసాలో దొరికే బార్బెక్యూ సాస్ లాంటి తీపి పూతలు చివరి మూడు నాలుగు నిమిషాల్లోనే వేయాలి, ముందే వేస్తే ముక్క ఉడికేలోపు చక్కెర మాడి చేదెక్కుతుంది.

ఇక 74. కోడిమాంసంలో ఉండే అవకాశమున్న సాల్మొనెల్లా, కాంపైలోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా ఆ వేడికి క్షణాల్లో చస్తాయి. 66 డిగ్రీల దగ్గర కూడా చస్తాయి గానీ ఆ వేడిలో ముక్కను కొన్ని నిమిషాలు నిలబెట్టాలి. ఇంట్లో అంత లెక్క కష్టం కాబట్టి 74 చూసుకుంటే నిశ్చింత. మరి ఇంకొంచెం ఎక్కువ ఉడికిస్తే ఇంకా మంచిది కాదా అంటారేమో. బ్రెస్ట్ ముక్కకు మంచిది కాదు. దానిలో కొవ్వు చాలా తక్కువ, 80 దాటితే రసం కారిపోయి పీచుపీచుగా మారుతుంది. లెగ్, తొడ ముక్కల తీరు వేరు. అవి 74కే సురక్షితం, కానీ వాటిలోని నరాలు, పొరలు కరిగి మెత్తబడేది 80 నుంచి 85 మధ్య. కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా తొడ ముక్కలే. నాలుగు డిగ్రీలు అటూ ఇటూ అయినా అవి క్షమిస్తాయి.

ఈ అంకె తెలియాలంటే ముక్కలో గుచ్చి చూసే థర్మామీటర్ కావాలి. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఎయిర్ ఫ్రయర్ కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవారు ముందు ఇది కొనుక్కోమని గట్టిగా చెబుతాను. ముక్కలో అన్నిటికన్నా మందమైన చోట, ఎముకకు తగలకుండా మొన దించాలి. కొన్నాక సరిగ్గా చూపిస్తుందో లేదో మరిగే నీళ్లలో పెట్టి చూడండి. 100 రాలేదని తిరిగి పంపకండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు దాదాపు 98 దగ్గరే మరుగుతాయి. 98 చూపిస్తే అది నిజమే చెబుతోంది.

థర్మామీటర్ 80 చూపిస్తున్నా ఎముక దగ్గర ఎర్రగా ఉంటే? చాలామంది ఇక్కడే భయపడి ముక్కను మళ్లీ మంటకు ఎక్కించి ఎండగడతారు. మనం కొనే బ్రాయిలర్ కోడి వయసు అయిదారు వారాలే. దాని ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడదు, లోపలి మూలుగ రంగు వేడికి బయటికి వచ్చి పక్క మాంసానికి అంటుతుంది. పచ్చిదనం వేరు, ఆ రంగు వేరు. రంగును నమ్మకండి, అంకెను నమ్మండి.

బర్డ్ ఫ్లూ భయానికీ జవాబు ఇక్కడే ఉంది. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులో, తూర్పు గోదావరి జిల్లా కానూరులో కోళ్లకు ఆ వ్యాధి నిర్ధారణ అయినప్పుడు హైదరాబాద్‌లో కూడా జనం చికెన్ దుకాణాల వైపు వెళ్లడానికి జంకారు. లోపలి భాగమంతా 70 డిగ్రీలకు చేరితే ఆ వైరస్ బతకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన 74 అంతకంటే పైనే. అలాంటి రోజుల్లో జాగ్రత్తంతా పచ్చి మాంసాన్ని పట్టుకునే చేతుల దగ్గర, కత్తిపీట దగ్గర.

అక్కడే కడగడం అనే ప్రశ్న వస్తుంది. పసుపు, ఉప్పు వేసి మూడు నీళ్లు పోసి కడగడం మన ఇళ్లలో తరాల అలవాటు. నీటితో బ్యాక్టీరియా పోదు, వేడితోనే పోతుంది. పైగా కుళాయి ధార కింద కడిగితే చిందే తుంపర్లు పక్కనున్న కొత్తిమీర మీద, గిన్నెల మీద పడతాయి. కొత్తిమీరను మనం పచ్చిగానే తింటాం కదా. కడగకుండా మనసు ఒప్పుకోకపోతే గిన్నెలో నీళ్లు పోసి, చిందకుండా ముంచి తీసి, ఆ నీళ్లు మెల్లగా వంపేసి, సింకును సబ్బుతో రుద్దండి. తర్వాత ముక్కల తడి శుభ్రంగా తుడవాలి. ముందే చెప్పాను, తడి ఉంటే కాలదు.

ఎంత కొనాలి? నలుగురికి 800 గ్రాముల బోన్‌లెస్ సరిపోతుంది. మనిషికి 200 గ్రాములు పచ్చిది, కాలాక నీరు పోయి 150 మిగులుతుంది. దానిలో 40 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చొప్పున తీసుకోవాలని భారతీయ వైద్య పరిశోధన మండలి, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించాయి. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములు. రోజు మొత్తానికి కావాల్సిన దానిలో అధికభాగం ఈ ఒక్క పూటలోనే వస్తుంది. ఎముకలతో తీసుకుంటే 1.2 కిలోల స్కిన్‌లెస్ చెప్పండి, అందులో ఎముక దాదాపు మూడో వంతు. దుకాణం బోర్డు మీద లైవ్ ధర తక్కువ కనిపిస్తుంది గానీ, రెండు కిలోల కోడిని శుభ్రం చేసి తోలు తీస్తే చేతికొచ్చేది సుమారు 1.3 కిలోలే. ధరలు పోల్చేటప్పుడు ఆ లెక్క వేసుకోండి.

ఉప్పు కూడా తూకంతోనే. మాంసం బరువులో ఒకటింబావు శాతం. 800 గ్రాములకు 10 గ్రాములు, అంటే టీస్పూన్ తలకొట్టి ఒకటిన్నరకు కాస్త పైన. ఎముకలతో 1.2 కిలోలైనా మాంసం 800 గ్రాములే కాబట్టి అదే ఉప్పు. ఈ ఉప్పు ఉదయమే పట్టించి ఫ్రిజ్‌లో పెట్టి ఆఫీసుకు వెళ్లండి. గంటలు గడిచేకొద్దీ లోపలికి దిగేది, రసాన్ని పట్టి ఉంచేది ఉప్పే. పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, గరం మసాలా కొన్ని మిల్లీమీటర్ల లోతు దాటవు. వాటి కోసం రాత్రంతా నానబెట్టక్కర్లేదు. గాట్లు పెట్టి సాయంత్రం అరగంట ముందు పట్టించినా చాలు. మటన్ మెత్తబడటానికి వేసే పచ్చి బొప్పాయి ముద్దను చికెన్‌కు గంటకు మించి ఉంచకండి, ముక్క పిండిపిండిగా అవుతుంది.

ఎన్ని నిమిషాలు కాల్చాలో వంటల పుస్తకాల్లో చదివి మోసపోవడానికి కారణం మందం. వేడి లోపలికి నెమ్మదిగా ప్రయాణిస్తుంది. మందం రెట్టింపైతే సమయం రెట్టింపు కాదు, దాదాపు నాలుగింతలు అవుతుంది. ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్క పెనం మీద వైపుకు నాలుగైదు నిమిషాల్లో అయితే, మూడు సెంటీమీటర్ల ముక్కకు అరగంట దాటుతుంది, ఈలోపు పైన బొగ్గవుతుంది. రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరేవారికి ఇంతకన్నా పనికొచ్చే లెక్క లేదు. బ్రెస్ట్ ముక్కను అడ్డంగా రెండు పొరలుగా కోయండి, లేదా ప్లాస్టిక్ కవర్ కింద పెట్టి చపాతీ కర్రతో మెల్లగా కొట్టి ఒకే మందానికి తెండి. తొమ్మిదిన్నరకల్లా భోజనానికి కూర్చోవచ్చు. ఎముకతో ఉన్న లెగ్ పీసులు ఎయిర్ ఫ్రయర్‌లో 190 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు, ఒవెన్‌లో 200 దగ్గర 35 నుంచి 40. ముక్కల మధ్య వేలు పట్టే సందు ఉండాలి. ఇరికించి పెడితే ఆవిరి బయటికి పోక మళ్లీ ఉడికిన రుచే వస్తుంది. కిలో ముక్కలుంటే రెండు వాయిలుగా వేయండి.

బాల్కనీలో బొగ్గుల కుంపటి పెట్టుకోవచ్చా? అద్దాల తలుపులు బిగించిన బాల్కనీ కూడా గదే. బొగ్గు మండేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్‌ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, మత్తు లాంటివి వచ్చినా మనిషికి కారణం తెలియదు. చలికాలంలో తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకున్నవారు ప్రాణాలు పోగొట్టుకునేది ఇందువల్లే. అసోసియేషన్ ఒప్పుకుంటే మేడ మీద, పూర్తిగా ఆరుబయట పెట్టుకోండి. వంట అయ్యాక కూడా ఆ బొగ్గులను ఇంట్లోకి తేవద్దు. హైదరాబాద్ పత్థర్ కా గోష్త్ గుర్తొచ్చి ఎక్కడో దొరికిన రాతిపలకను పొయ్యి మీదకు ఎక్కించే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. పగుళ్లలో దాగిన తడి ఆవిరై రాయి పేలవచ్చు.

పొగ వాసన లేని బార్బెక్యూ ఏం బార్బెక్యూ అంటే, దానికి మన ఊళ్లోనే దుంగార్ ఉంది. గోళీకాయంత బొగ్గు ముక్కను పటకారుతో పట్టుకుని బర్నర్ మీద ఎర్రగా కాల్చండి. కాలిన చికెన్ ఉన్న గిన్నె మధ్యలో చిన్న స్టీలు కటోరీ పెట్టి, అందులో బొగ్గు వేసి, అర చెంచా నెయ్యి పోసి వెంటనే మూత పెట్టేయండి. మూడు నుంచి అయిదు నిమిషాలు. అంతకు మించితే చేదు తగులుతుంది. కిటికీ తెరిచి, చిమ్నీ వేసి చేయండి, మూత తీశాక బొగ్గు మీద నీళ్లు పోసి ఆర్పేయండి. కుంపటి బొగ్గులతో పోలిస్తే ఇది చాలా చిన్న మోతాదు, వాసన మాత్రం ఇల్లంతా నిండుతుంది.

ఖర్చు చూద్దాం. స్కిన్‌లెస్ కిలో రూ.260 అనుకుంటే 1.2 కిలోలకు రూ.312. పెరుగు, నూనె, మసాలాలు, నిమ్మకాయలు మరో రూ.80. 1500 వాట్ల ఎయిర్ ఫ్రయర్ రెండు వాయిలకు 40 నిమిషాలు నడిస్తే ఒక యూనిట్, రూ.8 అనుకోండి. గ్యాస్ మీదైతే అరగంటకు సుమారు 90 గ్రాములు. 14.2 కిలోల సిలిండర్ రూ.900 అనుకుంటే ఆరు రూపాయల లోపే. అంతా కలిపి రూ.400, తలకు వంద. హోటల్లో చేపలు, రొయ్యలు, మిఠాయిలు కూడా ఉంటాయి కాబట్టి ఆ బిల్లుతో దీన్ని నేరుగా పోల్చడం న్యాయం కాదు. కానీ వారానికి రెండుసార్లు చేసుకోగలిగే భోజనం ఇది.

పక్కన ఏం పెట్టుకోవాలి? ఉల్లిపాయ చక్రాలు, నిమ్మచెక్క, వేలాడదీసిన పెరుగులో పుదీనా కలిపిన పచ్చడి. పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్ జోలికి పోకండి. తినేవాళ్లు జబ్బుపడుతున్నారని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న దాన్ని ఏడాదిపాటు నిషేధించింది. ఇంట్లో చేసినా ఆ ప్రమాదం అదే.

చివరగా గడియారం గురించి. 4 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది, ఆ మధ్యలో మాంసం రెండు గంటలకు మించి ఉండకూడదు. గాలి వేడి 32 దాటితే గంటే. మే నెలలో కొండాపూర్ వైపు చికెన్ కొని, సైబర్ టవర్స్ దగ్గర ట్రాఫిక్‌లో ముప్పావుగంట ఇరుక్కుంటే ఆ గంటలో మిగిలేది పావే. అందుకని ఇంటి దగ్గర దుకాణంలో, అన్ని పనులూ అయ్యాక ఆఖరున కొనండి. మిగిలిన ముక్కల్ని తిన్న వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిలుస్తాయి. మర్నాడు వాటిని చీల్చి ఉల్లి, క్యాప్సికంతో వేయించి రొట్టెలో చుడితే పది నిమిషాల్లో ఇంకో రాత్రి భోజనం. అప్పుడు కూడా లోపలి వేడి 74 దాటిందో లేదో గుచ్చి చూడండి.