దొంగతనపు నింద: సహనమంటే మౌనం కాదు

రాత్రి దుకాణం మూసే వేళ గల్లాపెట్టె లెక్క అయిదు వేలు తగ్గుతుంది. పెళ్లివారింట బీరువాలోని ఉంగరం కనిపించదు. గోదాములో సరుకు చిట్టాకూ నిల్వకూ పొంతన కుదరదు. అటువంటి క్షణంలో అందరి చూపులూ జీతానికి పనిచేసే మనిషి వైపే మళ్లుతాయి. అతడు తీశాడో లేదో తేలకముందే మాట గడప దాటుతుంది. పోయిన సొమ్ము మరునాడు దొరకవచ్చు. పోయిన పేరు అంత సులభంగా తిరిగి రాదు. దొంగ అన్న మాట పడినవానికి ఆ బజారులో మరొక కొలువు దొరకడం కష్టం. అతని కూతురి సంబంధం మాట్లాడే నాడు కూడా ఎవరో ఒకరు ఆ సంగతి ఎత్తుతారు.

ఇటువంటి సందర్భంలో మన ఇళ్లలో తరచు వినిపించే సలహా ఒకటి ఉంది: సబ్ర్ చెయ్యి, అల్లాహ్ చూస్తున్నాడు, నోరు మూసుకుని ఊరుకో. ఈ సలహాలో మొదటి రెండు మాటలూ సత్యమే. మూడవది మాత్రం దివ్య ఖుర్ఆన్ బోధకు సరిపోదని మేము భావిస్తున్నాము. నిరపరాధి తన పేరు నిలబెట్టుకోవడానికి చేసే ప్రయత్నం సహనానికి విరుద్ధం కాదు. అది సహనంలో ఒక భాగం.

యూసుఫ్ (అ) చూపిన మార్గం

హజ్రత్ యూసుఫ్ (అ) ఈజిప్టులో అజీజ్ ఇంట పెరిగారు, ఆ ఇంటి కొలువులోనే ఉన్నారు. ఆయనపై నింద పడిందీ అక్కడే. మోపినది యజమాని భార్య. నిందితుడు పరదేశి, వెలకు కొనబడినవాడు, అండ లేనివాడు. అయినా ఆయన తల వంచుకుని నిలబడలేదు. తాను తప్పు చేయలేదనీ, ఆమే తనను ప్రలోభపెట్టిందనీ ముఖాముఖిగా చెప్పారు. ఆ తరువాత ఆధారం ముందుకు వచ్చింది. చొక్కా ముందు చిరిగిందా, వెనుక చిరిగిందా అని పరీక్షించారు. వెనుక చిరిగిన చొక్కాయే ఆయన పక్షాన సాక్ష్యం పలికింది.

సత్యం తేలినా ఆయనకు చెరసాల తప్పలేదు. కొన్నేళ్ల తరువాత రాజు కబురు పంపినప్పుడు ఆయన చేసిన పని మనం శ్రద్ధగా గమనించదగినది. తలుపు తెరిచి ఉంది. బయట గౌరవం ఎదురుచూస్తోంది. అయినా ఆయన వెంటనే బయటికి రాలేదు. ఆ స్త్రీల సంగతి ఏమిటో ముందు విచారించమని దూతను తిరిగి రాజు వద్దకు పంపారు (సూరె యూసుఫ్: 50). క్షమాభిక్షతో విడుదల కావడం ఆయనకు చాలలేదు. నిర్దోషిగా విడుదల కావాలని కోరారు. విచారణ జరిగింది. నింద మోపిన స్త్రీయే స్వయంగా నిజం ఒప్పుకున్నది.

అదే సూరాలో మరొక ఘట్టం ఉంది. తమ్ముని మూటలో రాజుగారి పాత్ర దొరికినప్పుడు అన్నలు, వీని అన్న కూడా లోగడ దొంగతనం చేశాడని యూసుఫ్ (అ) ఎదుటనే అన్నారు. తాము మాట్లాడుతున్నది ఆ అన్నతోనే అని వారెరుగరు. అప్పటికి ఆయన అధికార పీఠంపై ఉన్నారు. ఒక్క మాటతో వారిని శిక్షించగలరు. కానీ ఆ మాటను మనసులోనే దాచుకున్నారు. చివరకు వారందరినీ క్షమించారు. బలహీనుడిగా ఉన్ననాడు నోరు విప్పి న్యాయం అడిగిన ప్రవక్తే, బలవంతుడైన నాడు నోరు అదుపులో పెట్టుకున్నారు. మనలో అనేకులు దీనికి తలక్రిందులుగా నడుచుకుంటాము.

చెడు మాటను బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదని సూరె అన్నిసా 148వ ఆయతు తెలుపుతున్నది. అయితే అన్యాయానికి గురైనవానికి అందులోనే మినహాయింపు ఉంది. బాధితుని మొరకు ధర్మం తలుపు మూయలేదు.

వస్తువు దొరికినా మానని గాయం

హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన ఒక ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. ఒక నల్లజాతి స్త్రీ ఒక అరబ్బు తెగవారి బానిస. వారు ఆమెను విముక్తి చేసినా ఆమె వారితోనే ఉండేది. ఒకనాడు ఆ తెగకు చెందిన బాలిక ధరించే ఎర్రతోలు పట్టా జారిపడింది. మాంసపు ముక్క అనుకుని గద్ద దానిని తన్నుకుపోయింది. వెదికినా కనిపించకపోయేసరికి వారు ఈ స్త్రీపై నింద వేశారు. సిగ్గు విడిచి ఆమె ఒళ్లంతా సోదా చేశారు. ఆమె అలా నిలబడి ఉండగానే గద్ద తిరిగి వచ్చి ఆ పట్టాను వారి మధ్యనే జారవిడిచింది. మీరు నాపై మోపిన నింద ఇదే కదా, నేను నిరపరాధిని అని ఆమె వారి ఎదుటనే చెప్పింది. తరువాత దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి ఇస్లాం స్వీకరించింది. మస్జిదె నబవీలో ఆమెకు ఒక చిన్న గుడారం ఉండేది. ఆమె ఆయిషా (రజి) వద్దకు వచ్చి కూర్చున్న ప్రతిసారీ ఆ పట్టా దినాన్ని తలచుకునేది.

వస్తువు దొరికింది. నిర్దోషిత్వం అందరి కళ్ల ముందే రుజువైంది. అయినా ఆ దినం ఆమె మనసును వీడలేదు. పనివారిని సోదా చేయడానికి చేయి చాచే ముందు ప్రతి యజమానీ ఈ ఉదంతాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

నింద పడిన నాడు చేయవలసినవి

మొదటిది: తాను తీయలేదని స్పష్టంగా, మర్యాదగా, సాక్షుల ఎదుట చెప్పాలి. కోపంతో అప్పటికప్పుడు పని మానేసి వెళ్లిపోకూడదు. పారిపోయాడన్న మాట మొదటి నింద కంటే బలంగా అతుక్కుంటుంది.

రెండవది: ఆనాటి సంగతులను ఆ రాత్రే కాగితంపై రాసుకోవాలి. తాళాలు ఎవరి వద్ద ఉన్నాయి, ఎవరు ఎప్పుడు వచ్చారు, లెక్క ఎవరు చూశారు అన్న వివరాలన్నీ అందులో ఉండాలి. కెమెరా ఉంటే ఆ దృశ్యాలను భద్రపరచమని లిఖితపూర్వకంగా కోరాలి. పాత దృశ్యాలపై కొత్తవి నమోదై చెరిగిపోతాయి గనుక జాప్యం చేయరాదు. యూసుఫ్ (అ) చొక్కా వలె ఈనాడు ఆ దృశ్యమే సాక్ష్యం పలకవచ్చు.

మూడవది: తెల్లకాగితంపై గాని, తప్పు ఒప్పుకుంటున్నట్లు రాసిన కాగితంపై గాని సంతకం చేయకూడదు. గొడవ ఎందుకని పోయిన సొమ్ము కట్టడానికి ఒప్పుకోకూడదు. కట్టిన మరుక్షణం అది నేరాంగీకారంగా లోకానికి కనిపిస్తుంది. జీతంలో నుంచి కోసుకుంటామంటే, ముందుగా సంజాయిషీ చెప్పుకొనే అవకాశం అడగాలి. నష్టం పేరిట కోత విధించే ముందు ఆ అవకాశం ఇవ్వాలని వేతన చట్టం చెబుతున్నది. సంస్థ అభియోగ పత్రం ఇస్తే గడువు లోపల లిఖితంగా జవాబివ్వాలి. దాని నకలు తన వద్ద ఉంచుకోవాలి.

నాలుగవది: చట్టం తెలిసి ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షను ప్రకారం, పనివాడు యజమాని సొత్తు దొంగిలిస్తే ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. కాబట్టి నిందను తేలికగా తీసుకోరాదు. అదే సంహిత యజమానికి కూడా హద్దులు విధించింది. ఒప్పుకునేదాకా కదలనివ్వమని మనిషిని గదిలో నిర్బంధించడం 127వ సెక్షను కింద నేరం. హాని తలపెట్టి, ఆధారం లేదని తెలిసీ తప్పుడు కేసు పెట్టడం 248వ సెక్షను కింద నేరం. పరువు నష్టానికి 356వ సెక్షను ఉంది.

పోలీసు స్టేషనుకు పిలుపు వస్తే భయపడి దాక్కోకూడదు. ఏడేళ్ల వరకు శిక్ష పడే ఆరోపణల్లో, అరెస్టు అవసరం లేదనుకున్నప్పుడు పోలీసులు హాజరు కావలసిందిగా నోటీసు ఇవ్వాలి. దానిని పాటించడం మనకే మేలు. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని న్యాయస్థానం రుజువుగా స్వీకరించదు. స్త్రీని సోదా చేయవలసి వస్తే మరొక స్త్రీయే, మర్యాద పాటిస్తూ చేయాలి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేని పేదలకు, స్త్రీలకు, కస్టడీలో ఉన్నవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సహాయం అందిస్తుంది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

గల్ఫ్ దేశాల్లో ఇంటి పనికి, డ్రైవరు ఉద్యోగానికి వెళ్లిన మనవారి స్థితి మరింత సున్నితమైనది. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లిన స్త్రీలు ఎందరో ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి వెళ్లిన పురుషులూ ఎందరో ఉన్నారు. అక్కడ దొంగతనం కేసు నమోదైతే స్వదేశానికి ప్రయాణమే ఆగిపోవచ్చు. చదవలేని అరబ్బీ కాగితంపై సంతకం చేయకుండా అనువాదకుని కోరాలి. భారత రాయబార కార్యాలయానికి తెలియజేయాలి. ఇక్కడి కుటుంబీకులు విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రాల నకళ్లు ఇంట ఉంచుకోవడం అందుకే అవసరం.

ఇంటివారి తోడు

నింద పడినవాడు ఇంటికి వచ్చిన రాత్రి భార్య, తల్లి, తమ్ముడు ఏమంటారన్నది చాలా ముఖ్యం. నిజం చెప్పు, తీశావా అన్న ప్రశ్న సొంత మనుషుల నోట వస్తే అతడు అక్కడే కూలిపోతాడు. ఆయిషా (రజి)పై కపటులు అపనింద వేసినప్పుడు, విన్న వెంటనే విశ్వాసులు తమవారి గురించి మంచిగా ఎందుకు తలచలేదని సూరె అన్నూర్ 12వ ఆయతు మందలించింది. సోదర భావం కలవారు మొదట మంచినే తలచాలి. ఆ పిదప అతని వెంట నడవాలి. విచారణకు తోడుగా వెళ్లాలి. పిల్లలకు బయటివారి నోట తెలిసే లోపు సంగతిని సూటిగా చెప్పాలి.

మన ఇంటి గుమ్మం లోపల

మనలో చాలామంది నింద పడేవారే కాదు, నింద వేసే స్థానంలో ఉన్నవారు కూడా. దుకాణంలో కుర్రవాడు, ఇంట్లో పనిమనిషి మన జీతంపై బతుకుతున్నారు. వారిలో అన్య మతస్థులూ ఉంటారు. మదీనాలో తుఅమా బిన్ ఉబైరిఖ్ ఒక కవచం దొంగిలించి ఆ నేరాన్ని ఒక యూదునిపైకి నెట్టిన సంగతి తఫ్సీర్ గ్రంథాల్లో ఉంది. తుఅమా బంధువులు అతని పక్షాన వాదించారు. పైకి ముస్లింగా ఉన్న ఆ మనిషిని కాదని, యూదుని నిర్దోషిత్వాన్ని చాటుతూ సూరె అన్నిసా ఆయతులు (105-113) అవతరించాయి. తన తప్పును నిరపరాధిపైకి నెట్టినవాడు అపనింద భారాన్ని కూడా మోస్తాడని వాటిలోనే ఉంది.

వస్తువు కనిపించకపోతే ముందు ఇల్లంతా వెదకాలి. ఇంటి మనుషులను అడగాలి. రుజువు చూపే బాధ్యత ఆరోపించినవానిదేనని షరీఅత్ సూత్రం. అనుమానం ఎంత బలంగా ఉన్నా రుజువు కాజాలదు. దొంగను కనిపెట్టడానికి ఫాల్ తీయించడం, అంజనం వేయించడం, చెంబు తిప్పించడం ఇంకా కొన్ని ఇళ్లలో సాగుతున్నాయి. జ్యోతిష్కుని వద్దకు వెళ్లి అడిగినవాని నమాజు నలభై రాత్రుల వరకు స్వీకరించబడదని సహీహ్ ముస్లిం హదీసు హెచ్చరిస్తున్నది. ఆ చెంబు ఎవరి పేరు దగ్గర ఆగితే ఆ అమాయకుని ఉసురు మన ఇంటికి తగులుతుంది.

వస్తువు దొరికిన తరువాత, సరేలే దొరికింది, పనికి రా అంటే సరిపోదు. నింద నలుగురిలో వేశాము గనుక క్షమాపణ కూడా ఆ నలుగురి ఎదుటే చెప్పాలి. ఆపిన జీతం చెల్లించాలి. వేరే చోట పనికి అడ్డు రాకుండా మంచి మాట రాసివ్వాలి.

ఆపై క్షమించాలా, న్యాయస్థానానికి వెళ్లాలా అన్నది బాధితుని హక్కు. అన్యాయానికి గురై తన హక్కు తీసుకున్నవానిపై నింద లేదనీ, క్షమించినవాని ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉందనీ సూరె అష్షూరా బోధిస్తున్నది. అయితే క్షమాపణ సత్యం వెల్లడైన తరువాతి మెట్టు. సత్యం తేలకముందే బలహీనుని చేత క్షమింపజేయడం అతని నోరు నొక్కడమే అవుతుంది.

పీడితుని దుఆకూ అల్లాహ్‌కూ మధ్య తెర లేదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. నింద పడినవారికి ఈ మాట ధైర్యం. నింద వేసేవారికి ఇదే భయం. మన నాలుకల నుంచి ఏ నిరపరాధికీ గాయం కాకుండా, మనపై పడిన అపనిందలను నిజాయితీతో, నిబ్బరంతో తొలగించుకునే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.