ముళ్ళ దిండు

పిల్లలూ, ఈ మధ్య మా అబ్బాయిని తీసుకుని ఇక్కడి బొటానికల్ గార్డెన్‌కి వెళ్ళాను. కాక్టస్ మొక్కలున్న గాజు గదిలో, రాళ్ళ మీద పచ్చగా, గుండ్రంగా ఏదో కనిపించింది. "అమ్మా, దిండు!" అంటూ వాడు చెయ్యి పెట్టేశాడు. వెంటనే "అబ్బా!" అని లాక్కున్నాడు. తప్పు నాదే. పక్కనే బోర్డు ఉంది, నేను చదవలేదు. ఆ రోజు తెలుసుకున్నది మీకూ చెప్తాను.

ఎక్కడి మొక్క?

దీని పేరు డ్యూటెరోకోనియా బ్రెవిఫోలియా. బ్రెవిఫోలియా అంటే లాటిన్‌లో "పొట్టి ఆకులది" అని. దీని సొంత ఊరు దక్షిణ అమెరికా. బొలీవియా దక్షిణాన, అర్జెంటీనా వాయవ్యాన ఉన్న కొండరాళ్ళ మీద పెరుగుతుంది.

దిండులా ఎందుకుంటుంది?

అది ఒక్క మొక్కలా కనిపిస్తుంది కదా? దగ్గరికెళ్ళి చూడండి (చెయ్యి పెట్టకండి!). చిన్న చిన్న ఆకుల గుత్తులు వందల కొద్దీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఒక్కో గుత్తి 2, 3 సెంటీమీటర్లే. ప్రతి గుత్తి పక్కన పిలకలు వేస్తుంది. అరటి చెట్టు పిలకలు వేస్తుందే, అలాగన్నమాట. అలా పెరిగి పెరిగి దిండు మీటరు దాటి కూడా విస్తరిస్తుంది. కానీ చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే ఒక్క ముక్క కూడా పీకకూడదు.

కొండ మీద ఎండ, చలి, గాలి అన్నీ ఎక్కువే. గుత్తులన్నీ దగ్గరగా ఉంటే గాలి లోపలికి దూరదు, తడి తొందరగా ఆరదు. చలికాలం మనమంతా ఒకే దుప్పట్లో ముడుచుకుంటాం చూడండి, అలాగే.

ఆకులు, పూలు

ఆకులు త్రికోణంగా, దళసరిగా ఉంటాయి. లోపల నీళ్ళు దాచుకుంటాయి. అంచుల్లో ముళ్ళుంటాయి. ఏడాదంతా పచ్చగానే ఉంటుంది కాబట్టి ఇది సతతహరిత మొక్క. పగలు ఎండకి నీళ్ళు ఆవిరైపోకుండా, ఆకుల మీది సన్నని రంధ్రాలను రాత్రిపూట తెరిచి గాలి తీసుకుంటుంది! పూలు సన్నని గొట్టాల్లా, ఆకుపచ్చగా ఉంటాయి. ఆకుల మధ్య పట్టి పట్టి చూస్తేగానీ కనబడవు.

మీ ఇంట్లో దీని చుట్టం

అనాస పండు, అదే పైనాపిల్, దీని కుటుంబమే. ఆ కుటుంబం పేరు బ్రొమీలియేసి. అనాస కూడా దక్షిణ అమెరికాదే. పోర్చుగీసువాళ్ళు దాన్ని మన దేశానికి తెచ్చారు. అక్కడివాళ్ళ మాటే వాళ్ళ నోట "అననాస్" అయి, మన నోట "అనాస" అయింది. పండుతో పాటు పేరూ సముద్రం దాటి వచ్చి తెలుగులో కలిసిపోయింది.

కొత్త మాటలు

పిలక – తల్లి మొక్క పక్కన వచ్చే పిల్ల మొక్క
దళసరి – మందం
సతతహరితం – ఎప్పుడూ పచ్చగా ఉండేది

మీరు చెయ్యండి

1. గుత్తులు దగ్గరగా ఉండడం వల్ల మొక్కకి లాభమేంటి? రెండు వాక్యాలు రాయండి.
2. అనాస పండు మీది ఆకుల పిలకను మట్టిలో నాటండి. వారానికోసారి చూసి, ఏం మారిందో తెలుగులో రాయండి.
3. నేను ఈ మొక్కకి "ముళ్ళ దిండు" అని పేరు పెట్టుకున్నాను. మీరైతే ఏం పేరు పెడతారు? అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి, మొక్క ఎలా ఉంటుందో చెప్పి, వాళ్ళనీ ఒక పేరు అడగండి.