ఇంజనుకు దగ్గు వస్తే...

పాత కారు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకనాడు వినిపించే మాట ‘మిస్సింగ్’. బండి స్టార్టవుతుంది, కదులుతుంది, కాని నడకలో ఏదో లోటు. నిలిపి ఉంచితే ఒళ్లంతా వణుకుతుంది. ఎత్తు ఎక్కేచోట గుంజదు. వెనక గొట్టంలోంచి ఒకే వరసన రావలసిన చప్పుడు నడుమ నడుమ తడబడి, ముసలివాడు దగ్గినట్టు వినిపిస్తుంది. ఇక అప్పుడు ఇంటిల్లిపాదీ వైద్యులే. పెట్రోలు కల్తీదని ఒకరంటారు, బ్యాటరీ పాతబడిందని ఇంకొకరంటారు. మూడో ఆయన పెదవి విరిచి, “ఇంజను పోయింది, అమ్మేసుకోండి” అని తీర్పు చెప్పేస్తాడు. జబ్బు ఏమిటో మాత్రం ఎవరూ చూడరు.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. ఛందస్సుకూ సిలిండరుకూ ఏం సంబంధమని పాఠకులు నవ్వవచ్చు. పన్నెండేళ్లపాటు నా దగ్గరొక పాత ఫియట్ ఉండేది. నా జీతం మెకానిక్కుకూ నాకూ చెరిసగం కాకుండా ఉండాలంటే దాని భాష కూడా కొంత నేర్చుకోక తప్పింది కాదు. నేర్చుకున్నాక చూస్తే అది మరీ పరాయి భాషేమీ కాదు. పద్యానికి నాలుగు పాదాలు, ఈ ఇంజనుకు నాలుగు సిలిండర్లు. ఒక పాదంలో గణం తప్పితే, అర్థం తెలియని పిల్లవాడి చెవికి కూడా ఎక్కడో కుంటినట్టు తెలుస్తుంది. కుంటినది ఏ పాదమో పట్టుకోవడమే అసలు పని.

సిలిండరులో పని నాలుగు అంచెలుగా జరుగుతుంది. పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని లోపలికి పీల్చుకోవడం ఒకటి. దాన్ని అదిమి పట్టడం రెండు. నిప్పురవ్వ తగిలి అది భగ్గున మండి పిస్టనును కిందికి తోయడం మూడు. పొగను బయటికి నెట్టడం నాలుగు. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో నడిపి చూపించిన పద్ధతి ఇదే. అంబాసిడర్‌లో నాలుగు సిలిండర్లూ ఒకేసారి మండవు. రేడియేటరు వైపునుంచి లెక్కపెడితే ఒకటి, మూడు, నాలుగు, రెండు అనే వరసలో మండుతాయి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క సిలిండరుకు 1500 రవ్వలు కావాలి. నాలుగింటికీ కలిపి 6000, అంటే సెకనుకు నూరు. ఒక సిలిండరు తన వంతు తప్పిందంటే, ప్రతి నాలుగో దెబ్బా పడలేదన్నమాట.

ఈ రవ్వ ఎక్కడినుంచి వస్తుంది? బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ప్లగ్గు కొనల మధ్య సందు సుమారు 0.6 మిల్లీమీటరు. అదిమిపెట్టిన గాలిలో ఆ కాస్త సందు దూకడానికి 12 వోల్టులు ఏ మూలకూ చాలవు. అందుకని కాయిలు ఉంది. దానిలో లావు తీగ చుట్ట ఒకటి, సన్న తీగ చుట్ట ఒకటి. డిస్ట్రిబ్యూటరులో ఉండే పాయింట్లు కలిసి ఉన్నంతసేపు లావు చుట్టలో కరెంటు పారుతుంది. పాయింట్లు విడివడగానే ఆ పారకం తటాలున తెగి, సన్న చుట్టలో పదివేల నుంచి ఇరవైవేల వోల్టుల దాకా పుడుతుంది. మధ్యలో తిరిగే రోటరు దాన్ని పైనున్న మూతగుండా నాలుగు తీగలకూ వంతులవారీగా పంచుతుంది. ఆ మూతనే మెకానిక్కులు క్యాపు అంటారు. ఈ ఏర్పాటును 1910 నాటి కాడిలాక్ కార్లలోకి తెచ్చినవాడు అమెరికాకు చెందిన చార్లెస్ కెటరింగ్. ఆయన కూడా ఒకప్పుడు బడిపంతులే కావడం నా వంటివాళ్లకు కాస్త సంతోషం.

మా ధర్మసాగర్‌లో పెద్ద జలాశయం ఉంది. దేవాదుల ఎత్తిపోతల పథకంలో గోదావరి నీళ్లు ఇక్కడిదాకా వస్తాయి. నీళ్ల సంగతి తెలిసిన ఊరు గనక ఇక్కడివాళ్లకు నేను కరెంటును నీళ్లతోనే చెబుతాను. తూము ఎంత ఎత్తినా, కాలువకు నడుమ గండి పడితే చివరి మడి ఎండిపోతుంది. వేల వోల్టుల కరెంటూ అంతే. తీగ తొడుగు చిట్లినా, క్యాపులో బీట పడి అక్కడ తేమ చేరినా, ప్లగ్గుదాకా పోయే శ్రమ ఎందుకని దారిలోనే దిగిపోతుంది. ఆ సిలిండరులో పెట్రోలు ఉంటుంది, గాలి ఉంటుంది, నిప్పు మాత్రం ఉండదు.

ఆ గండిని ఎలా వెతకాలో తెలియడానికి మా వీధిలో జరిగిన సంగతి చెబుతాను.

రిటైరైన హెడ్మాస్టరుగారు ఒకరున్నారు. అందరికీ ఆయన పెద్దసారు. ఆయన కారు 1987 నాటి అంబాసిడర్. పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పారా కార్ఖానాలో హిందుస్తాన్ మోటార్స్ వారు 1957 నుంచి 2014 దాకా తయారుచేసిన వంశంలోది. పదిహేనేళ్లు నిండినప్పటినుంచి, ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ వస్తున్నారు. భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటినవాళ్లు. పిల్లలు దూరదేశంలో ఉన్నారు. వారానికొకసారి హనుమకొండ పోయి మందులూ సరుకులూ తెచ్చుకోవాలన్నా, చుట్టాల ఇంట పెళ్లికి పోవాలన్నా, ఒకరిని అడగకుండా బయల్దేరడానికి వాళ్లకున్నది ఆ కారే.

ఒక చలికాలంలో దానికి మిస్సింగ్ పట్టుకుంది. పట్నంలో ఒక షెడ్డుకు తీసుకుపోతే, అక్కడి మెకానిక్కు రెండు నిమిషాలు చప్పుడు విని, “రింగులు పోయినయ్. బోరు చెయ్యాలె. నలభై వేలైతది” అన్నాడట. ఆ మాట ఫోనులో విన్న కొడుకు, “బాపూ, తుక్కుకు ఇచ్చెయ్. క్యాబులో తిరగండి” అన్నాడు. తుక్కు కొనేవాడు వచ్చి బేరం కూడా చేసి పోయాడు. పెద్దసారు నా దగ్గరికి వచ్చి, “లెక్చరర్ సాబ్, అమ్ముడు సంగతి తర్వాత. అసలు దీనికేమైందో నాకు తెల్వాలె” అన్నారు.

మంచి వైద్యుడు చెయ్యి పట్టుకోవడానికి ముందు కథ అడుగుతాడు. ఎప్పుడు దగ్గుతోంది? నిలబడ్డప్పుడా, ఎత్తులోనా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? పెద్దసారు ఆలోచిస్తూ ఉండగానే లోపలినుంచి పెద్దమ్మ అందుకున్నారు. “బిడ్డా, పొద్దుగాల మంచు పడ్డనాడు మస్తు దగ్గుతది. ఎండ ఎక్కినంక జర నయమైతది. నేను చెప్తే ఈయన ఇంటడా?”

సగం జబ్బు ఆ మాటతోనే దొరికింది. అరిగిన రింగులు మంచు పడిందా లేదా అని చూడవు. పైగా రింగులు పోయిన బండికి నీలిపొగ రావాలి, ఆయిలు తరగాలి. ఇక్కడ ఆ రెండూ లేవు. తేమకు భయపడేది కరెంటు.

మరునాటి ఆదివారం పొద్దున్నే, బానెట్ మీద మంచు ఆరకముందే పని మొదలుపెట్టాం. మొదట చిన్న కాగితం ముక్కను వెనక గొట్టం దగ్గర పట్టుకున్నాను. అది టపటపా కొట్టుకుంటూ, లెక్కగా ఒక దెబ్బ తప్పుతోంది. లెక్కాపత్రం లేకుండా తప్పితే నాలుగింటికీ ఉమ్మడిగా ఉండే కాయిలునో, పాయింట్లనో, కండెన్సరునో, పెట్రోలునో అనుమానించాలి. లెక్కగా తప్పితే దోషి ఒక్క సిలిండరే. గొట్టం ఆ కాగితాన్ని లోపలికి పీల్చుకుంటే ఎగ్జాస్టు వాల్వు కాలిందేమో చూడాలి. మాకు ఆ బాధ లేదు.

ఇక ఏ సిలిండరు? ఇంజనును ఆపి, ఒక ప్లగ్గు తీగ ఊడదీసి, దాని కొనను ఇంజను లోహానికి తాకించి ఉంచి, మళ్లీ స్టార్టు చేసి వినాలి. మంచి సిలిండరు తీగ తీస్తే చప్పుడు ఇంకా పాడవుతుంది. చెడ్డదాని తీగ తీస్తే ఏ మార్పూ ఉండదు. ఒకటో తీగ తీస్తే బండి విలవిల్లాడింది. రెండోదానికీ అంతే, నాలుగోదానికీ అంతే. మూడోది తీసినప్పుడు మాత్రం దానికి చీమ కుట్టినట్టయినా లేదు. ఇది చేసేవాళ్లు చేతులు పొడిగా ఉంచుకోవాలి. తీగను గాలిలో వేలాడనివ్వకూడదు. గుండెకు పేస్‌మేకరు ఉన్నవాళ్లు ఆ దరిదాపులకు రాకూడదు.

మూడో ప్లగ్గు విప్పి చూశాం. ప్లగ్గు నాలుకలాంటిది, లోపలి సంగతి చెబుతుంది. లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం. పొడిమసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ వస్తోంది. ఆయిలు జిడ్డు ఉంటే రింగులో, వాల్వులో అరిగాయి. తెల్లగా కాలి ఉంటే పెట్రోలు చాలక వేడెక్కుతోంది. మా ప్లగ్గు పెట్రోలుతో తడిసి ఉంది. అంటే తిండి అందుతోంది, నిప్పే అందడం లేదు. దాన్ని రెండో సిలిండరులో పెట్టి, రెండోదాన్ని ఇక్కడ పెట్టాం. తప్పు ప్లగ్గుదైతే దగ్గు రెండోదానికి మారాలి. మారలేదు. ప్లగ్గు నిర్దోషి. తరువాత మూడో తీగను మార్చి చూశాం. అయినా మూడోదే మూగ. ఇలా ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మార్చితే ఏది కుదిర్చిందో ఎప్పటికీ తెలియదు.

మిగిలింది క్యాపు. తీసి ఎండకు పట్టి చూస్తే, లోపల మూడో తీగ మొదలునుంచి పక్కదానిదాకా పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్లటి గీత కనిపించింది. తేమలో కరెంటు అటు పాకినప్పుడల్లా ఆ పదార్థం కాస్త కాలి బొగ్గవుతుంది. బొగ్గు కరెంటుకు దారి ఇస్తుంది. దారి పడ్డకొద్దీ ఇంకా పాకుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే ఒక పూట నయమవుతుందేమో గాని, గీత పోదు.

అయినా రింగుల మాట తేల్చకుండా వదలడం పెద్దసారుకు ఇష్టం లేదు. కాజీపేట వైపు పాత బండ్లు చూసే ముసలి ఉస్తాద్ ఒకాయన ఉంటే కంప్రెషన్ గేజ్ పట్టుకు రమ్మన్నాం. చదరపు అంగుళానికి 118, 120, 115, 120 పౌండ్లు వచ్చాయి. అంకె ఎంతన్నదానికన్నా నాలుగూ దగ్గర దగ్గరగా ఉండటం ముఖ్యం. ఒకటి బాగా తగ్గితే ఆ సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూస్తారు. అప్పుడు పెరిగితే రింగులది తప్పు, పెరగకపోతే వాల్వులది. మాకు ఆ అవసరం రాలేదు. ఉస్తాద్ గేజ్ తుడుచుకుంటూ, “ఇంజన్ల దమ్మున్నది సార్. క్యాపు మార్చుండ్రి, సరిపాయె” అన్నాడు.

కొత్త క్యాపూ రోటరూ హైదరాబాదునుంచి బస్సు పార్శిలులో వచ్చాయి. రెండూ కలిపి ఏడు వందల లోపే. పనిలో పనిగా పాయింట్ల సందు కూడా 0.4 మిల్లీమీటరుకు సరిచేశాం. ఆ మరునాడు మంచు దట్టంగానే పడింది. బండి మాత్రం దగ్గలేదు. తుక్కు బేరగాడు మాటప్రకారం వచ్చి, స్టార్టయి ఉన్న కారు చుట్టూ ఒకసారి తిరిగి, పెద్దమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు.

మిస్సింగ్‌ను ‘ఎలాగో నడుస్తోందిగా’ అని ఊరుకోకూడదు. మండని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేస్తుంది, కిందికి జారి ఇంజను ఆయిలును పలచన చేస్తుంది. జిడ్డు లేని గోడమీద రింగులు గీసుకుని అరుగుతాయి. ఏడు వందల జబ్బును అలా ఆరు నెలలు మోస్తే, ఆ నలభై వేల మాట నిజమై కూర్చుంటుంది.

అన్ని దగ్గులూ కరెంటువే కావు. కార్బురేటరు తుమ్మినట్టు వెనక్కు చిమ్మితే పెట్రోలు చాలడం లేదేమో చూడాలి. ఫిల్టరు, జెట్టు, పంపు వరసగా శుభ్రం చేయించాలి. పాత బండ్లవాళ్లు ఇంకొకటి గమనించాలి. 2025 నాటికి బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది. అది పడని పాత రబ్బరు గొట్టాలనూ, పంపులోని పొరనూ మెత్తబరచి పాడుచేస్తుంది. కార్బురేటరు బండిలో మిశ్రమాన్ని కూడా కొంత పలచన చేస్తుంది. నెలల తరబడి కదలని బండిలో ట్యాంకునిండా పెట్రోలు ఉంచకపోవడం మంచిది. రబ్బరు గొట్టాలను ఇథనాలుకు తట్టుకునే రకానికి మార్చుకోవడం ఇంకా మంచిది.

కొత్త కార్లున్నవాళ్లు మాత్రం తీగలు పీకే పరీక్ష చేయకండి. వాటి పొగగొట్టంలో కేటలిటిక్ కన్వర్టరు ఉంటుంది. మండని పెట్రోలు అందులో పడితే అది విపరీతంగా వేడెక్కి చెడుతుంది. ఆ బండ్లకు స్కానరు తగిలిస్తే జబ్బు అంకెల్లో కనబడుతుంది. 0301 అంటే ఒకటో సిలిండరు, 0303 అంటే మూడోది. యంత్రం మారింది గాని ప్రశ్న మారలేదు.

అందరూ చేతులు నల్లబరచుకోవాలని నేననను. పేరున్న షెడ్డుకే తీసుకుపొండి. కాని ‘ఎంతవుతుంది?’ అని అడిగే ముందు, “ఏ సిలిండరు? ఎలా తెలిసింది?” అని రెండు మాటలు అడగండి. పని తెలిసిన మెకానిక్కు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు, బానెట్ ఎత్తి చూపిస్తాడు. విసుక్కున్నవాడి చేతికి బండి తాళం ఇవ్వకండి.