ఏ పాట వింటున్నవ్? ఎవరు రాసిండ్రు?



పండుగ సెలవుల తర్వాత ఎవరైనా ఊరి నుంచి తిరిగి వస్తే మనం అడిగే మొదటి మాట "తినడానికి ఏం తెచ్చినవ్ రా?" అని. రెండవది "కొత్త పాటలేమున్నయ్?" అని. సకినాలు ఎలా పంచుకున్నామో పాటలూ అలాగే పంచుకున్నాము. మేము చదివేటప్పుడు ఫోను తేవద్దని నియమం ఉండేది. అయినా గోరంత మెమరీ కార్డు సోషల్ పుస్తకం అట్టలో దాగి వచ్చేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. వార్డెన్ సారు క్షమించాలి.

పాటలు చేతులు మారిన తీరు

మా కంటే ముందు చదివిన అన్నలది క్యాసెట్ల కాలం. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఈ క్యాసెట్టు 60 నిమిషాలదైతే ఒక్కో వైపు 30 నిమిషాలు, 90 నిమిషాలదైతే 45 నిమిషాలు పాడుతుంది. రెండు క్యాసెట్లు పట్టే టేప్ రికార్డరులో ఒక వైపు పాటల క్యాసెట్టు, మరో వైపు ఖాళీది పెట్టి కాపీ తీసేవారు. అమ్మే క్యాసెట్టుకు పైన రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి ఉన్నంతవరకు దానిమీద రికార్డు కాదు. అక్కడ కాగితం కూరితే మళ్ళీ రికార్డు అవుతుంది. అయితే కాపీ నుంచి కాపీ తీసిన కొద్దీ 'స్స్' మనే శబ్దం పెరిగి, పాట తగ్గేది.

తర్వాత ఎంపీత్రీ వచ్చింది. మామూలు నాణ్యతలో నిమిషం పాటకు దాదాపు 1 ఎంబీ పడుతుంది. 700 ఎంబీల సీడీలో అయిదు నిమిషాల పాటలు 140 దాకా పడతాయి. వందో కాపీ కూడా మొదటి దానిలాగే ఉంటుంది. ఈనాడు లింకు పంపితే చాలు.

పోయినది ఏమిటి?

శబ్దం నిలిచింది గాని పేరు పోయింది. ఈ సంగతి నాకు చదువురాని మా నాన్న ద్వారా తెలిసింది. డిగ్రీలో ఉండగా ఇంట్లో 'బండెనక బండి కట్టి' పాట పెట్టి, "ఇది గద్దర్ రాసిన పాట నాయినా" అన్నాను. ఆయన నవ్వి, "పాడింది గద్దరే బిడ్డా, కట్టింది బండి యాదగిరి. సాయుధ పోరాటం నాటి పాట అది" అన్నాడు. నిజమే. గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' (1979) సినిమాలో గద్దర్ గారు పాడడంతో అది ఇంటింటికీ చేరింది. పాడినవారి కీర్తి తక్కువది కాదు. కాని రాసినవారిని నేను మరచిపోయాను. మా ఇంట్లో మొదటి పట్టభద్రుణ్ణి నేను. ఆ రోజు మాత్రం సిగ్గుపడ్డాను.

ఇలా ఎందుకు జరుగుతుంది? క్యాసెట్టు పెట్టెలో కార్డు ఉండేది. దానిమీద రచన, సంగీతం, గానం అని అచ్చు వేసేవారు. ఎంపీత్రీ ఫైలులోనూ వివరాలు దాచే చోటు ఉంది. తొలి పద్ధతిలో అది 128 బైట్లు మాత్రమే. అందులో పాట పేరుకు, గాయకునికి, ఆల్బమ్‌కు 30 అక్షరాల చొప్పున గదులున్నాయి. రచయితకు గది లేదు! తర్వాతి పద్ధతిలో రచయితకు చోటిచ్చారు గాని నింపేవారు తక్కువ. సెల్ షాపులో కార్డు నింపించుకుంటే 'ఫోక్ సాంగ్ 5' అని వచ్చేది. ఆ అయిదో నంబరు వెనుక ఒక మనిషి ఉన్నాడని మనకు తట్టేది కాదు.

ఆ మనిషి మనవాడే

మిత్రులారా, ఆ పేర్లలో ఎన్నో మన ప్రాంతానివే. 'పల్లెటూరి పిల్లగాడ' రాసిన హనుమంతు గారి ఇంటిపేరుగా నిలిచిన సుద్దాల పాత నల్లగొండ జిల్లాలోని ఊరు. ఆయన కుమారుడు అశోక్ తేజ గారు 'ఠాగూర్' (2003) సినిమా పాటకు జాతీయ అవార్డు పొందారు. 'కుబుసం' (2002)లో పల్లె దుఃఖాన్ని చెప్పిన గోరటి వెంకన్న గారిది పాత మహబూబ్‌నగర్ జిల్లా గౌరారం. 'వల్లంకి తాళం' పుస్తకానికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆయనకు లభించింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారిది కూడా ఆ జిల్లానే. ఆయనకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మన ఊళ్ళ పేర్లు పుస్తకాల్లో లేవని మనం బాధపడతాము. పాటల్లో ఉన్న పేర్లను మనమే చెరిపేస్తే ఎవరిని అడగాలి?

ఒక చిన్న పని

హాజరు రిజిస్టరు లాంటి నోటుబుక్కు ఒకటి హాస్టల్లో పెట్టండి. ఈ వారం ఎవరు ఏ పాట వింటున్నారో రాయండి. పాట, రచన, గానం, సినిమా లేదా ఆల్బమ్ అని నాలుగు గడులు చాలు. తెలియని గడి ఖాళీగా ఉంచి, తెలిసినవారిని అడిగి నింపండి. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు నాట్లు వేస్తూ మీ అమ్మ పాడే పాట కూడా రాసుకొని రండి. దానికి రచయిత దొరకకపోతే "మా అమ్మ నోట విన్నది" అని రాసి, అమ్మ పేరు పెట్టండి.

వచ్చే వార్షికోత్సవానికి నేను వస్తాను. ఆ రిజిస్టరు చూపిస్తారు కదూ!