పనిలో ప్రమాదం జరిగి అంగవైకల్యం కలిగితే మీ హక్కులు

పాయా లేబర్, ఉబి, కాకి బుకిట్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, భవన నిర్మాణాల్లో పనిచేసే తెలుగు కార్మికులు ఈ పేజీని పూర్తిగా చదవగలరు. మెషిన్‌లో వేళ్లు తెగినా, పైనుంచి పడి నడుము దెబ్బతిన్నా, చూపు పోయినా "ఇచ్చింది తీసుకుని ఊరికి పోదాం" అనుకోవద్దు. వైకల్యం కలిగిన మనిషికి ఇక్కడా, ఇండియాలోనూ హక్కులు ఉన్నాయి.

అంతర్జాతీయ ఒప్పందం ఏమి చెబుతుంది?

వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఐక్యరాజ్య సమితి 2006 డిసెంబర్ 13న ఆమోదించింది. దీన్ని భారతదేశం 2007లో, సింగపూర్ 2013లో ధ్రువీకరించాయి. వికలాంగులకు పనిలో సమాన హక్కులు ఉండాలని 27వ అధికరణ చెబుతుంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం కలిగినవారు కూడా ఇందులోకి వస్తారు.

అయితే ఒప్పందం పేరు చెప్పినంత మాత్రాన చేతికి డబ్బు రాదు, వర్క్ పర్మిట్ పొడిగింపు కూడా దొరకదు. డబ్బు వచ్చేది సింగపూర్ చట్టం ద్వారా.

ఆ చట్టం ఏది?

2019 నాటి పని గాయాల నష్టపరిహార చట్టం. దీన్ని 'వికా' అంటారు. 2020 సెప్టెంబర్ 1 నుంచి అమలులో ఉంది. వర్క్ పర్మిట్ వారికీ వర్తిస్తుంది. కంపెనీ తప్పు ఉందని మీరు రుజువు చేయనక్కర లేదు. ఇళ్లలో పనిచేసేవారికి మాత్రం ఇది వర్తించదు. వారికి యజమాని విడిగా ప్రమాద బీమా చేయించాలి.

ఏమేమి వస్తాయి?

ఆసుపత్రి ఖర్చు, ఎం.సి. రోజులకు జీతం, శాశ్వత వైకల్యం ఉంటే ఒకేసారి పరిహారం. గాయం కుదుటపడ్డాక, మామూలుగా ఆరు నెలల తర్వాత, వైకల్యం ఎంత శాతమో డాక్టరు నిర్ణయిస్తారు. ఆ శాతం, మీ వయస్సు, నెల సగటు జీతం చూసి లెక్క కడతారు. 2025 నవంబర్ 1 నుంచి జరిగిన ప్రమాదాల్లో, పూర్తి శాశ్వత వైకల్యానికి కనీసం 1,16,000, గరిష్ఠంగా 3,46,000 సింగపూర్ డాలర్లు.

మీరు చేయవలసినవి

1. ప్రమాదం జరిగిన వెంటనే సూపర్‌వైజరుకు చెప్పండి. ఎలా జరిగిందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. "రూములో జారిపడ్డానని చెప్పు" అని ఎవరన్నా వినొద్దు.

2. ఎం.సి.లు, బిల్లులు, జీతం స్లిప్పులు, ఫోటోలు మీ దగ్గరే దాచుకోండి.

3. కంపెనీ మానవ వనరుల శాఖకు, అంటే ఎం.ఓ.ఎం.కు, తెలపాలి. తెలపకపోతే మీరే తెలపండి. క్లెయిమ్‌కు గడువు ప్రమాదం నుంచి ఒక సంవత్సరం.

4. చదవలేని కాగితం మీద సంతకం పెట్టొద్దు. పరిహారం వదులుకుంటున్నట్టు రాసిచ్చినా అది చట్టం ముందు చెల్లదు.

5. పర్మిట్ రద్దయినా, ఉద్యోగం పోయినా క్లెయిమ్ హక్కు పోదు.

ఇండియాకు వెళ్లాక

ఇక్కడి ఆసుపత్రి కాగితాలు తప్పక తీసుకెళ్లండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ పొందినవారికి ఉద్యోగాల్లో రిజర్వేషన్ వంటి సదుపాయాలు ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అర్హులకు నెలనెలా పింఛను ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దీన్ని రూ. 6,000 చేశారు.

సహాయానికి

ఎం.ఓ.ఎం.: 6438 5122. వలస కార్మికుల కేంద్రం: 6536 2692. భారత హై కమిషన్, 31 గ్రేంజ్ రోడ్: 6737 6777. మీరు ఆసుపత్రిలో ఉంటే తోటి కార్మికుడి చేత అయినా ఫోన్ చేయించండి. సంకోచించవద్దు.